ఓటీపీ చెబితే సంతకం పెట్టినట్టేనా? ఎలక్ట్రానిక్ సంతకం ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ఒప్పందం అంటే ఒకప్పుడు రోజంతా పట్టే పని. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖకుడి దగ్గరకు పోవాలి. స్టాంపు కాగితం కొనాలి. ఇద్దరు గవాలను పిలుచుకోవాలి. చదువురాని అవ్వ ఉంటే బొటనవేలికి సిరా పూసి నిశానీ వేయించాలి. ఆ వేలిముద్ర పడేలోపు నలుగురైదుగురు కాగితం చదివేవాళ్లు, వినేవాళ్లు. ఒక్కరైనా “ఆగండి, ఈ మాట ఎందుకు రాశారు?” అని అడిగేవాళ్లు.

ఇప్పుడు అదే పని నిమిషంలో అయిపోతోంది. బ్యాంకు లోను, ఇన్సూరెన్స్, బెంగళూరు కంపెనీ ఆఫర్ లెటర్, గల్ఫ్ ఉద్యోగం కాగితం, ఫైనాన్స్‌లో కొన్న బండి, చివరికి పొలాన్ని సోలార్ కంపెనీకి కౌలుకిచ్చే మాట కూడా ఫోన్ దాకా వచ్చింది. “ఒక ఓటీపీ వస్తుంది, చెప్పండి చాలు” అంటారు. చెప్పేస్తారు. ఆ తర్వాత ఇంట్లో మొదలవుతుంది అసలు ప్రశ్న: కాగితం లేదు, సిరా లేదు, గవా లేడు, మరి ఇది సంతకమేనా? చెల్లుతుందా?

చాలా ఒప్పందాలకు చెల్లుతుంది. కొన్ని కాగితాలకు అసలు చెల్లదు. ఇంకొన్నింటికి సంతకం సరే గానీ దాంతో పని పూర్తికాదు, రిజిస్ట్రేషన్ కూడా కావాలి. ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం వల్లనే నష్టాలు వస్తున్నాయి. “ఫోన్‌లో చెప్పింది ఎక్కడ చెల్లుతుందిలే” అని తేలిగ్గా తీసుకున్నవాళ్లకు ఒక రకం నష్టం, “ఫోన్‌లో సంతకం అయిపోయింది, ఇంక పొలం మనది కాదు” అని బెదిరిపోయినవాళ్లకు ఇంకో రకం.

నోటి మాటకే విలువ ఉన్నప్పుడు

ముందు ఒక సంగతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందం కాగితం మీదే ఉండాలని లేదు. ఒకరు అడగాలి, ఇంకొకరు ఒప్పుకోవాలి, ఇద్దరికీ మైనారిటీ తీరి ఉండాలి, బలవంతం, మోసం ఉండకూడదు, ఒప్పుకున్న పని చట్టానికి విరుద్ధం కాకూడదు. అంతే. శనక్కాయల మండీలో, సంతలో గొర్రెల బేరంలో జరిగే వ్యాపారమంతా ఇలా నోటి మాట మీదే నడుస్తోంది. అదంతా చట్టం దృష్టిలో ఒప్పందమే.

టెలిఫోన్ వచ్చిన కొత్తలోనూ ఇలాంటి సందేహమే వచ్చింది. 1959లో అహ్మదాబాద్ వ్యాపారికీ, మహారాష్ట్రలోని ఖాంగావ్ మిల్లువాళ్లకూ మధ్య పత్తిగింజల చెక్క బేరం ఫోన్‌లో కుదిరింది. సరుకు రాలేదు. దావా ఏ ఊరి కోర్టులో వేయాలన్న గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఫోన్‌లో ఒప్పుకున్న మాట ఎక్కడ వినబడిందో ఒప్పందం అక్కడే పుట్టిందని 1965లో భగవాన్‌దాస్ కేడియా కేసులో తీర్పు వచ్చింది. ఫోన్ మాట ఒప్పందమా కాదా అని ఆ కోర్టులో ఎవరూ వాదించలేదన్నది గమనించాలి. ఎక్కడ పుట్టిందన్నదే వాదన.

ఇంటర్నెట్‌కు వస్తే, సమాచార సాంకేతిక చట్టం, అందరూ ఐటీ చట్టం అంటున్నది, 2000 అక్టోబరు 17 నుంచి అమల్లో ఉంది. చట్టం ఎక్కడ సంతకం అడుగుతుందో అక్కడ ప్రభుత్వం నిర్ణయించిన పద్ధతిలో పెట్టిన ఎలక్ట్రానిక్ సంతకం సరిపోతుందని దాని 5వ సెక్షన్ చెబుతుంది. మొదట్లో డిజిటల్ సంతకం ఒక్కదాన్నే గుర్తించారు. 2008లో చట్టాన్ని సవరించి, 2009 అక్టోబరు 27 నుంచి ఇతర ఎలక్ట్రానిక్ సంతకాలకూ చోటిచ్చారు. అప్పుడే 10ఏ అనే సెక్షన్ చేర్చారు: ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని కొట్టివేయడానికి లేదు. ఆ మరుసటి ఏడాదే ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కంపెనీల కేసులో, ఈమెయిళ్లలో షరతులన్నీ కుదిరిపోయాక పెద్ద కాగితం మీద సంతకాలు పడలేదని తప్పించుకోలేరని సుప్రీంకోర్టు చెప్పింది. ధర్మవరంలో పట్టుచీరల ఆర్డరు వాట్సాప్‌లో ఒప్పుకున్నా, రాయదుర్గంలో జీన్స్ కుట్టే పని మెసేజీలో ఖాయం చేసుకున్నా ఇదే లెక్క.

అన్ని ఫోన్ సంతకాలూ ఒకటి కాదు

ఒప్పందం చెల్లడం వేరు, కోర్టులో దాన్ని రుజువు చేయగలగడం వేరు. ఫోన్‌లో పెట్టే “సంతకాల” మధ్య తేడా అంతా రుజువు దగ్గరే తెలుస్తుంది.

మెసేజీ కింద పేరు టైపు చేయడం, సంతకం ఫోటో తీసి కాగితం మీద అతికించడం, తెర మీద వేలితో గీయడం, “నేను ఒప్పుకుంటున్నాను” అన్న గడిలో టిక్ కొట్టడం, ఇవన్నీ ఒప్పుకున్నారనడానికి గుర్తులు. ఒప్పందం పుట్టడానికి ఇవి సరిపోవచ్చు. కానీ “ఇది నేను చేయలేదు” అని అవతలివాళ్లు అంటే, చేశారని చూపించాల్సింది ఒప్పందం ఉందంటున్నవాళ్లే.

చట్టం సంతకంతో సమానంగా చూసేవి ప్రధానంగా రెండు. ఒకటి, కాంట్రాక్టర్లు టెండర్లకు, వ్యాపారులు పన్ను రిటర్నులకు వాడే డిజిటల్ సిగ్నేచర్, పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో ఉండేది. రెండోది ఆధార్ ఈ–సైన్. ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన సంస్థలు 2015 నుంచి ఈ సేవ ఇస్తున్నాయి.

ఈ–సైన్ లోపల జరిగేది ఇది. పత్రం మొత్తాన్ని లెక్కగట్టి ఒక పొడవాటి గుర్తు తీస్తారు. పత్రంలో ఒక్క సున్నా మారినా ఆ గుర్తు మారిపోతుంది. ఆధార్ నంబరు కొట్టగానే ఆధార్‌తో ముడిపడిన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, లేదంటే వేలిముద్ర పెట్టాలి. అది సరిపోయిన వెంటనే ఆ మనిషి పేరుతో అప్పటికప్పుడు ఒక రహస్య తాళంచెవి, ఒక సర్టిఫికెట్ తయారవుతాయి. ఆ తాళంచెవితో పత్రం గుర్తుకు ముద్ర వేస్తారు. సర్టిఫికెట్ గడువు అరగంటకు మించదు, తాళంచెవిని ఆ ఒక్క సంతకంతోనే చెరిపేస్తారు. అందుకే సంతకం అయ్యాక ₹50,000ను ₹5,00,000గా దిద్దితే దొరికిపోతుంది. కాగితం మీద సిరా సంతకానికి ఈ రక్షణ లేదు. ఈ విషయంలో పాత పద్ధతి కన్నా కొత్తదే గట్టిది.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఆ సంతకం సాక్ష్యం చెప్పేది ఒక్కటే: ఫలానా ఆధార్‌కు పోయిన ఓటీపీ ఫలానా సమయానికి సరిగ్గా కొట్టారు. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంది, ఆమె ఆ పత్రం చదివిందా, చదివి వినిపించారా, ఆ సంగతులు దాంట్లో లేవు. చాలా ఇళ్లలో అబ్బా, అమ్మీ, అవ్వ అందరి ఆధార్‌లకూ కొడుకు నంబరో అల్లుడి నంబరో ఇచ్చి ఉంటారు. ఆ ఒక్క ఫోన్ పట్టుకున్నవాళ్ల చేతిలో ఇంటిల్లిపాది సంతకాలూ ఉన్నట్టే. పెద్దవాళ్ల ఆధార్‌కు వాళ్ల సొంత నంబరు చేర్పించడం ఆధార్ కేంద్రంలో చిన్న పని. పొలం గానీ ఇల్లు గానీ పేరున ఉన్న ఆడవాళ్లకు అది మరీ అవసరం.

ఇంకో గందరగోళం కూడా ఉంది. వచ్చే ప్రతి ఓటీపీ ఈ–సైన్ కాదు. డబ్బు పంపే ఓటీపీ వేరు, యాప్‌లో లాగిన్ ఓటీపీ వేరు. ఆధార్ ఓటీపీ అయితే ఆధార్ పేరుతోనే మెసేజ్ వస్తుంది. చెప్పే ముందు ఆ రెండు లైన్లు చదవడం అలవాటు చేసుకోవాలి.

ఫోన్ సంతకం చెల్లని కాగితాలు

ఐటీ చట్టం చివర ఒక పట్టిక ఉంది. అందులో ఉన్న కాగితాలకు ఈ చట్టమే వర్తించదు. అంటే వాటికి సిరా సంతకమే కావాలి. చెక్కు తప్ప మిగతా నెగోషియబుల్ పత్రాలు, పవర్ ఆఫ్ అటార్నీ, ట్రస్టు, వీలునామా అందులో ఉన్నాయి. స్థిరాస్తి అమ్మకం ఒప్పందం కూడా మొదట ఉండేది. 2022 సెప్టెంబరు నోటిఫికేషన్‌తో దాన్ని తీసేశారు. ప్రామిసరీ నోటు, పవర్ ఆఫ్ అటార్నీల్లో కూడా రిజర్వు బ్యాంకు లాంటి నియంత్రణ సంస్థల కింద ఉన్న బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలకు రాసిచ్చే కొన్నింటికి మాత్రం సడలింపు ఇచ్చారు.

పల్లెల్లో దీని అర్థం ఏమిటంటే, బ్యాంకుకు డిమాండ్ ప్రామిసరీ నోటు ఫోన్‌లో రాసివ్వొచ్చు గానీ, పక్కింటివాళ్ల దగ్గర చేబదులు తీసుకుని నోటు రాస్తే దానికి కాగితం, రెవెన్యూ స్టాంపు, స్టాంపు మీద సంతకం, పాత పద్ధతే. స్టాంపు లేని ప్రామిసరీ నోటు తర్వాత జరిమానా కట్టినా సాక్ష్యానికి పనికిరాదు. వేరే ఒప్పందాలకు ఆ వెసులుబాటు ఉంది, నోటుకు లేదు. ఖర్జ్ ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమనీ, గవాలను పెట్టుకోమనీ, చెప్పలేని స్థితిలో ఉన్న బాకీదారు తరఫున అతని పెద్దలు న్యాయంగా చెప్పి రాయించమనీ సూరా బఖరా 282వ ఆయత్‌లో ఉన్నది చాలామందికి తెలిసిందే. నోటు రాయకుండా ఫోన్‌లో పంపిన డబ్బుకు కనీసం “ఇది ఇంత అప్పు, ఫలానా నాటికి ఇస్తాను” అన్న మెసేజ్ అయినా ఉండాలి. అది ప్రామిసరీ నోటు కాదు గానీ అప్పుకు సాక్ష్యం అవుతుంది. బాకీ ఉన్నానని ఈమెయిల్‌లో ఒప్పుకుంటే కాలపరిమితి మళ్లీ మొదలవుతుందని పక్క రాష్ట్రం కర్ణాటక హైకోర్టు 2013లో సుదర్శన్ కార్గో కేసులో తీర్పిచ్చింది. మూడేళ్లు దాటబోతున్న బాకీలకు ఇది పనికొచ్చే మాట.

గల్ఫ్ కుటుంబాలు ఎక్కువగా చిక్కుకునేది పవర్ ఆఫ్ అటార్నీలో. కువైట్‌లో ఉన్న తమ్ముడు తన వాటా అమ్మడానికి అన్నకు అధికారం ఇవ్వాలనుకుంటే, ఫోన్‌లో ఈ–సైన్ చేసి పంపిన పీడీఎఫ్ పనికిరాదు. వీడియో కాల్‌లో “భాయ్, నువ్వే పెట్టెయ్” అన్నా పనికిరాదు. అక్కడి భారత రాయబార కార్యాలయంలో గానీ నోటరీ ముందు గానీ సిరా సంతకం పెట్టి ధ్రువీకరణ చేయించుకోవాలి. అసలు కాగితం ఇండియాకు చేరాక మూడు నెలల్లోపు ఇక్కడి స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ తేదీ దాటిపోతే ఆ కాగితం పట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు పోయినా చిక్కే. అన్న తమ్ముడి సంతకం తానే పెట్టేయకూడదు, తమ్ముడు ఒప్పుకున్నా సరే.

సోలార్ కౌలు: సంతకం ఒక్కటే చాలదు

అనంతపురం పీఠభూమి దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటి. వేరుశనగ చేతికి రాని ఏడాదులే ఎక్కువ. ఎండ, గాలి మాత్రం ఎప్పుడూ ఉంటాయి. రామగిరి కొండల మీద గాలిమరలు 1990ల నుంచే ఉన్నాయి. నంబులపూలకుంట సోలార్ పార్కులో ఎన్టీపీసీ 250 మెగావాట్ల ప్లాంటు 2016లో పూర్తయింది. ఆ తర్వాత గుత్తి, గుంతకల్లు, తాడిపత్రి వైపు కూడా ప్రాజెక్టులు వచ్చాయి. వాటితోపాటే ఎకరాకు ఏటా ఇంత అని పాతికేళ్లకో ముప్పై ఏళ్లకో కౌలు అడిగే ఏజెంట్లూ వచ్చారు. వాన మీద ఆశ వదులుకున్న రైతుకు ఏటా పడే డబ్బు చిన్న విషయం కాదు. అందుకే ఈ ఒప్పందాన్ని తొందరపడకుండా చూడాలి.

ఏడాది దాటిన కౌలుకు రిజిస్టరు చేసిన పత్రం ఉండాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నాయి. పైరు పెట్టుకోవడానికి ఇచ్చే సేద్యం కౌలు లెక్క వేరు, సోలార్ పలకలు పరచడానికి ఇచ్చేది సేద్యం కాదు. కాబట్టి ముప్పై ఏళ్ల కౌలుకు ఫోన్‌లో పెట్టిన సంతకం ఎంత గట్టిదైనా, రిజిస్టరు కాకపోతే అది ముప్పై ఏళ్ల కౌలు కాదు. 2022 మార్పుతో రిజిస్ట్రేషన్ అక్కర్లేకుండా పోయిందని ఎవరైనా చెబితే అది తప్పు. స్టాంపు డ్యూటీ కూడా ఎప్పటిలాగే కట్టాలి.

అలాగని “రిజిస్టరు కాలేదు కదా, చెత్తబుట్టలో వేయొచ్చు” అనుకోవడమూ ప్రమాదమే. ఏజెంట్లు మొదట తెచ్చేది చాలాసార్లు కౌలు పత్రం కాదు, “ముందు ముందు మీకే కౌలుకిస్తాం” అనే ఒప్పందం. టోకెన్ అడ్వాన్సు ఇచ్చి దాని మీద సంతకం తీసుకుంటారు. మాట ప్రకారం కౌలు రాసివ్వమని దావా వేసినప్పుడు రిజిస్టరు కాని ఒప్పందాన్ని కూడా సాక్ష్యంగా చూపించుకోవడానికి రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ వీలిస్తుంది. ఇంకొకరికి ఇవ్వకూడదనీ, వెనక్కి తగ్గితే ఇంత కట్టాలనీ అందులో ఉంటే అది మెడకు చుట్టుకుంటుంది. ఓటీపీ చెప్పే ముందు ఆ పత్రం తెలుగులో అడిగి తీసుకుని, ఇంట్లో ఒక రాత్రి ఉంచుకుని చదివించుకోవడం ఎవరి హక్కునూ కాదనడం కాదు. నిజమైన కంపెనీ ఒక్క రాత్రికి పారిపోదు.

సంతకం సరిగ్గా ఉన్నా, సంతకం పెట్టినవాళ్లకు ఆ హక్కే లేకపోతే ఒప్పందం నిలవదు. ముస్లిం కుటుంబాల్లో ఇది తరచూ వచ్చే చిక్కు. అబ్బా ఇంతిఖాల్ అయిన క్షణం నుంచే వారసులు ఎవరి వాటాకు వాళ్లు హక్కుదారులు. ఉమ్మడి కుటుంబం, దానికి కర్త అన్న పద్ధతి ముస్లిం చట్టంలో లేదు. పట్టాదారు పాసుపుస్తకం పెద్దన్న పేరున ఉన్నా, అతను ఒక్కడే చేసిన ఈ–సైన్ అక్కచెల్లెళ్ల వాటాను, అమ్మీ వాటాను కట్టిపడేయదు. వాళ్లందరూ సంతకం పెట్టాలి, లేదా చెల్లే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం బదిలీలను నిషేధించింది, కౌలు కూడా అందులోకే వస్తుంది. 2023లో 20 ఏళ్లు దాటిన వాటికి సడలింపు తెచ్చారు గానీ, ఏ సర్వే నంబరు పరిస్థితి ఏమిటో తహసీల్దారు ఆఫీసులో చూసుకోకుండా ముందుకు పోకూడదు. మసీదు, దర్గాల వక్ఫ్ పొలమైతే ఏడాది దాటిన కౌలుకు వక్ఫ్ బోర్డు ముందస్తు అనుమతి కావాలి. ముతవల్లి ఫోన్‌లో పెట్టినా, కాగితం మీద పెట్టినా, అనుమతి లేని కౌలు చెల్లదు.

రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నుంచే ఉన్నాయి. 2023లో రాష్ట్ర ప్రభుత్వం ఆధార్, ఈ–సైన్‌తో కొత్త పద్ధతి తెచ్చినప్పుడు దస్తావేజు లేఖకులు ఆందోళన చేశారు. “అసలు దస్తావేజు ఇవ్వరంట, జిరాక్సే ఇస్తారంట” అని జనం భయపడ్డారు. రిజిస్ట్రారు ఆఫీసులో చేసే ఈ–సైన్‌నూ, ఏజెంటు ఫోన్‌లో చేయించే ఈ–సైన్‌నూ ఒకే గాటన కట్టకూడదు. మొదటిది రిజిస్ట్రేషన్‌లో భాగం. రెండోది రిజిస్ట్రేషన్ కాదు.

హిబా, వసీయత్

హిబాకు రిజిస్టరు పత్రం తప్పనిసరి అన్న నియమం నుంచి ఆస్తి బదిలీ చట్టం 129వ సెక్షన్ ముస్లింలకు మినహాయింపు ఇచ్చింది. ఇస్తున్నానని చెప్పడం, తీసుకున్నానని ఒప్పుకోవడం, ఆస్తిని స్వాధీనం చేయడం, ఈ మూడూ జరిగితే హిబా పూర్తి. హిబా కాగితం మీద రాసుకున్నంత మాత్రాన రిజిస్టరు చేయాల్సిన పని లేదని 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వెళ్లింది ఆంధ్రప్రదేశ్ నుంచే.

కాబట్టి హిబాలో ఎలక్ట్రానిక్ సంతకం పెద్ద సంగతి కాదు. వాట్సాప్ ఆడియోలో “ఇల్లు నీకే ఇచ్చాను బేటీ” అన్నది మొదటి రెండింటికీ సాక్ష్యం కావచ్చు. కానీ తాళాలు, అద్దె, పన్ను రసీదు, కరెంటు మీటరు అన్నీ అబ్బా పేరున, అబ్బా చేతిలోనే ఉండిపోతే మూడోది జరగలేదని తమ్ముళ్లు వాదిస్తారు. కోర్టుల్లో హిబా కేసులు ఎక్కువగా తేలేది స్వాధీనం దగ్గరే.

వసీయత్ విషయం వేరు. ఐటీ చట్టం వీలునామాను పక్కన పెట్టింది కాబట్టి ఈ–సైన్ చేసిన వీలునామా అంటూ ఉండదు. ముస్లిం చట్టంలో నోటి వసీయత్‌కు కూడా విలువ ఉంది గానీ, మూడో వంతు హద్దు దాటితే వారసుల ఒప్పుదల కావాలి. కాగితం మీద సిరాతో రాసి గవాలతో సంతకాలు పెట్టించడమే రేపు పిల్లలు కోర్టు మెట్లెక్కకుండా చేసేది.

చదువురాని తల్లి వేలు

పరదాలో ఉండే స్త్రీల చేత రాయించుకున్న కాగితాల గురించి బ్రిటిష్ కాలం నుంచీ కోర్టులకు ఒక నియమం ఉంది. 1867లో ప్రివీ కౌన్సిల్ షంసున్నిసా బేగం కేసులో వినిపించిన మాట తర్వాత స్వతంత్ర భారత కోర్టులూ పాటించాయి. ఆమె చేత రాయించుకున్నవాళ్లే, ఆమెకు విషయం చదివి వినిపించారనీ, అర్థమైందనీ, ఇష్టంతోనే పెట్టిందనీ రుజువు చేయాలి. బరువు ఆమె మీద కాదు. చదువు రాని, లోకం తెలియని స్త్రీలకూ కోర్టులు ఈ రక్షణ ఇచ్చాయి.

ఓటీపీ వచ్చిందని ఈ నియమం మారిపోలేదు. ఆధార్ సంతకం సరిగ్గానే ఉందని సాంకేతికంగా తేలినా, “ఫోన్ మా అల్లుడి దగ్గర ఉండింది, నాకెవరూ చదివి చెప్పలేదు” అని ఆమె చెప్పడానికి కోర్టులో చోటుంది. మోసం, ఒత్తిడి, తప్పుడు మాటలతో తీసుకున్న ఒప్పుదలను రద్దు చేయించుకునే హక్కు కాంట్రాక్టు చట్టం అందరికీ ఇస్తోంది, మగవాళ్లకు కూడా. అయితే ఆలస్యం చేయకూడదు. కౌలు డబ్బు రెండేళ్లు ఖాతాలో వేయించుకుని ఆ తర్వాత తెలియదంటే నమ్మడం కష్టం.

లోన్ యాపుల దగ్గర

యాప్‌లో టిక్ కొట్టి తీసుకున్న అప్పు అప్పే. తిరిగి కట్టాలి. కానీ అప్పు ఇచ్చేవాళ్లకూ కట్టుబాట్లున్నాయి. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో చూపించే ముఖ్య వివరాల పత్రం ముందుగా ఇవ్వాలి. అది అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని రిజర్వు బ్యాంకు 2024లో ఆదేశించింది. అంటే తెలుగులో అడగొచ్చు, ఉర్దూ వస్తే ఉర్దూలో అడగొచ్చు. సంతకం అయిన వెంటనే డిజిటల్‌గా సంతకం చేసిన పత్రాలు ఈమెయిల్‌కో ఫోన్‌కో వచ్చి తీరాలి. కనీసం ఒక రోజు వెనక్కి తగ్గే గడువు ఉండాలి, ఆ లోపు అసలు, ఆ రోజులకు అయ్యే వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడొచ్చు. ఏ బ్యాంకు, ఏ ఫైనాన్స్ కంపెనీ అప్పు ఇస్తోందో పేరే చెప్పని యాప్ అయితే, దాని సంతకం చెల్లుతుందా అన్న ఆలోచన కన్నా ముందు దాన్ని ఫోన్‌లోంచి తీసేయాలి.

గొడవ వచ్చినప్పుడు ఏం దాచుకోవాలి

2024 జూలై 1 నుంచి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది. దాని 63వ సెక్షన్ ప్రకారం ఫోన్, కంప్యూటర్ రికార్డును ప్రింటు తీసి కోర్టులో పెట్టాలంటే దానితో ఒక సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం రికార్డు పెడుతున్నవాళ్లది, ఇంకో భాగం నిపుణుడిది. ఇలాంటి సర్టిఫికెట్ తప్పనిసరి అని పాత చట్టం కింద 2020లోనే అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే వాట్సాప్ స్క్రీన్‌షాట్ ఒక్కటి తీసి పెట్టుకుని చాటు చెరిపేస్తే లాభం లేదు. ఫోన్, అసలు చాటు రెండూ ఉండాలి.

ఈ–సైన్ పత్రం విషయంలో ఇంకా జాగ్రత్త. సంతకం బతికుండేది ఆ పీడీఎఫ్ ఫైల్‌లోనే. ప్రింటు తీస్తే మిగిలేది సంతకం బొమ్మే. కాబట్టి వచ్చిన ఫైల్‌ను వచ్చినట్టే ఈమెయిల్‌లో దాచాలి, పేరు మార్చినా లోపల దిద్దకూడదు. కంప్యూటర్‌లో తెరిస్తే సంతకం మీద నొక్కినప్పుడు ఎవరు, ఎప్పుడు పెట్టారో, తర్వాత ఏమైనా మారిందో చూపిస్తుంది. చట్టం చెప్పిన సురక్షిత సంతకం అని తేలితే అది ఆ మనిషిదేనని కోర్టు మొదట అనుకుంటుంది, కాదని చూపించాల్సింది కాదన్నవాళ్లు.

తెలియకుండా సంతకం జరిగిందని అనుమానం వస్తే, ఆధార్ వెబ్‌సైట్‌లో ఆ నంబరును ఎప్పుడెప్పుడు వాడారో చరిత్ర కనబడుతుంది. వేలిముద్రలకు తాళం వేసుకునే వీలూ అక్కడే ఉంది, సహాయానికి 1947. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసంతో వాడితే ఐటీ చట్టం 66సీ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఒప్పందం మీద గొడవైతే అవతలి కంపెనీకి “ఇది నా ఇష్టంతో జరగలేదు, రద్దు చేస్తున్నాను” అని తేదీ వేసి రాతపూర్వకంగా స్పీడ్ పోస్టులో పంపాలి, రసీదు దాచుకోవాలి. వకీలు ఫీజు ఇచ్చుకోలేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగొచ్చు, ఫోన్ 15100. ఆడవాళ్లకైతే ఆదాయం ఎంతున్నా అక్కడ వకీలు సాయం ఉచితమే.